‘ఫోర్వెర్ట్స్’ తాళం చెవి ఎవరి చేతిలో?

మీరు అడిగినవి రెండు. పార్టీ పత్రిక అంటే పార్టీ ఆఫీసు చెప్పింది అచ్చేసే రోజువారీ కరపత్రమే కదా, దానికి విడిగా చరిత్ర ఏముంటుందన్నది ఒకటి. జర్మనీ సోషల్ డెమోక్రాట్ల ‘ఫోర్వెర్ట్స్’ మొదటి ప్రపంచ యుద్ధంలో సొంత పార్టీ నాయకత్వానికే ఎదురు నిలిచిందని క్లాసులో చెప్పారు, అలా ఎలా కుదురుతుందన్నది రెండోది. రెండోదానికి జవాబు చెబితే మొదటిది దానంతటదే తేలిపోతుంది.

డెస్కులో ముప్ఫై ఏళ్ల పైచిలుకు పనిచేశాను. అందులో మొదటి తొమ్మిదేళ్లు విజయవాడలో ఒక పార్టీ దినపత్రికలో. పేరు వద్దులెండి. రాత్రి పదకొండున్నరకు పేజీలు కట్టేశాక పార్టీ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చేది: ఆ మూడో పేజీ వార్తలో ఫలానా కామ్రేడ్ పేరు ముందు రావాలట. ఫోర్‌మన్ నా మొహం చూసేవాడు, నేను గడియారం చూసేవాణ్ని. బస్సులకు వేసే కట్టలు పన్నెండున్నరకల్లా కదలాలి. సీసం అక్షరాల రోజులవి. ఒక పేరు జరపాలంటే ఆ పేరా అంతా ఊడదీసి మళ్లీ పేర్చాలి. కాబట్టి కరపత్రం అన్నందుకు నాకు కోపం రాదు. కాకపోతే ఆ ఫోన్ చేసే హక్కు ఎవరిదన్న దాని మీద జర్మనీలో నలభై ఏళ్లు తగువు నడిచింది, చివరికి ఫిరంగులదాకా వెళ్లింది. ‘ఫోర్వెర్ట్స్’ చరిత్ర అంటే నా దృష్టిలో ఆ తగువే.

‘ఫోర్వెర్ట్స్’ అంటే ‘ముందుకు’ అని. 1875లో గోథా పట్టణంలో జర్మన్ సోషలిస్టుల రెండు పాయలు కలిశాయి. లాసాల్ అనుచరులది ఒకటి, బేబెల్, విల్‌హెల్మ్ లీబ్‌క్నెఖ్ట్‌లది ఒకటి. ఎవరి పత్రిక వాళ్లకుంది. పార్టీలు కలిసినంత తేలిగ్గా పత్రికలు కలవవు, మరుసటేడు దాకా పట్టింది. 1876 అక్టోబర్ 1న లైప్‌జిగ్‌లో రెంటినీ కలిపి ఒకే పత్రిక తెచ్చారు, వారానికి మూడుసార్లు. సంపాదకులు కూడా ఇద్దరు, పాయకొకరు: లీబ్‌క్నెఖ్ట్, హాజెన్‌క్లేవర్. మన దగ్గర రెండు సంఘాలు విలీనమైతే ఇద్దరు అధ్యక్షుల్ని పెడతారే, అచ్చం అలాగే.

మొదటి రగడ మూడు నెలలకే మొదలైంది. 1877 జనవరి నుంచి మార్క్స్ సహచరుడు ఏంగెల్స్, బెర్లిన్ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు డ్యూరింగ్‌ను ఉతికి ఆరేస్తూ వరసగా వ్యాసాలు రాశాడు. తర్వాత ‘యాంటీ డ్యూరింగ్’ అని పుస్తకంగా వచ్చినవి అవే. ఇవాళ అది మార్క్సిస్టు శాస్త్రగ్రంథం. అప్పుడు మాత్రం పార్టీలో డ్యూరింగ్ అభిమానులు బోలెడుమంది. ఆ ఏడాది మహాసభలో యొహాన్ మోస్ట్ లేచి, పాఠకుల్లో చాలామందికి ఈ రాతలు పట్టవు, కొందరికి మంటగా కూడా ఉంది, ఆపేయండని తీర్మానం పెట్టాడు. చివరికి రాజీ కుదిరింది: ప్రధాన పేజీల్లోంచి తీసి అనుబంధంలో వేసుకోండని. ఏ డెస్కువాడికైనా తెలిసిన పరిష్కారమే. పెద్దాయన వ్యాసం ఆపలేం, మొదటి పేజీలో వేయలేం. ఆదివారం అనుబంధం ఉండనే ఉంది.

1878లో చక్రవర్తి మీద వరసగా రెండు హత్యాయత్నాలు జరిగాయి. వాటితో సోషలిస్టు పార్టీకి ఏ సంబంధమూ లేకపోయినా జర్మనీ ప్రధాని బిస్మార్క్‌కు సాకు దొరికింది. అక్టోబర్‌లో సోషలిస్టు వ్యతిరేక చట్టం వచ్చింది, ఆ నెల తిరక్కుండానే ‘ఫోర్వెర్ట్స్’ మూతపడింది. పార్టీ, సభలు, పత్రికలు అన్నీ నిషేధమే. ఒక్క చిత్రం, ఎన్నికల్లో వ్యక్తులుగా నిలబడితే అభ్యంతరం లేదు. పార్లమెంటులో మాట్లాడొచ్చు, వీధిలో మాట్లాడకూడదు.

మీరు వ్యాసం రాస్తుంటే ఈ పన్నెండేళ్ల భాగాన్ని ఒక్క వాక్యంలో దాటేయకండి. పార్టీ తన పత్రికను స్విట్జర్లాండ్‌కు మార్చింది. 1879 సెప్టెంబర్ 28న జ్యూరిక్‌లో ‘డెర్ జోత్సియాల్‌డెమోక్రాట్’ అన్న వారపత్రిక మొదలైంది. 1881 నుంచి సంపాదకుడు ఎడ్వర్డ్ బెర్న్‌స్టైన్. తర్వాత మార్క్సిజాన్ని సవరించాలన్నందుకు తిట్లు తిన్న బెర్న్‌స్టైనే, అప్పట్లో మాత్రం పదునైన కలం. రాయడం, అచ్చేయడం అటుంచండి. అసలు పని సరిహద్దు దాటించడం. అది యూలియుస్ మోట్టెలర్ చూసేవాడు. జనం ఆయన్ని ఎర్ర పోస్టుమాస్టర్ అని, ఆయన ఏర్పాటును ఎర్ర టపా అని పిలిచేవారు. కట్టలు కాన్‌స్టాన్స్ సరస్సు మీదుగా, సరిహద్దు పల్లెల గుండా జర్మనీలోకి చేరేవి. అక్కడినుంచి మామూలు సరుకుల మధ్య రైలు పార్సిళ్లుగా వెళ్లేవి. చిరునామాలు పోలీసులకు తెలిసిన కార్యకర్తలవి కావు, ఎవరూ అనుమానించని మనుషులవి. ఇంకోపక్క తమలో దూరిన పోలీసు ఇన్‌ఫార్మర్ల పేర్లు కనిపెట్టి పత్రికలోనే అచ్చేసేవారు.

ఇది ఎంత కష్టమో పంపిణీ తెలిసినవాడికే అర్థమవుతుంది. ఏ నిషేధమూ లేని రోజుల్లో, ప్రభుత్వ బస్సుల్లో వేసిన మా కట్టలే వారానికి ఒకటైనా దారి తప్పేవి. జిల్లా ఏజెంట్ల బకాయి వసూలు చేయడానికి ఒక మనిషి ఏడాది పొడుగునా తిరిగేవాడు. అలాంటిది, పట్టుబడితే జైలు అని తెలిసి పత్రిక మోసే మనుషులు, చందా కట్టే పాఠకులు పదకొండేళ్లపాటు దొరికారు. ఆ వారపత్రిక పది వేల కాపీలు దాటింది కూడా. 1888లో బిస్మార్క్ ఒత్తిడికి స్విస్ ప్రభుత్వం బెర్న్‌స్టైన్‌నీ మోట్టెలర్‌నీ మరిద్దరినీ వెళ్లగొడితే మూటాముల్లె సర్దుకుని లండన్ వెళ్లి అక్కడినుంచి తెచ్చారు.

ఫలితం ఓట్ల లెక్కలో కనబడుతుంది. 1878లో ఆ పార్టీకి 4,37,000 ఓట్లు. 1890లో 14,27,000. దేశంలో ఏ పార్టీకీ అన్ని రాలేదు. చట్టాన్ని పొడిగించలేక వదిలేశారు, బిస్మార్క్ గద్దె దిగాడు. లండన్ పత్రిక 1890 సెప్టెంబర్‌లో పాఠకుల దగ్గర సెలవు తీసుకుంది.

తర్వాతి గొడవలన్నిటికీ బీజం పడింది ఆ వెంటనే. బెర్లిన్‌లో 1884 నుంచి ‘బెర్లినర్ ఫోక్స్‌బ్లాట్’ అని ఒక స్థానిక కార్మిక దినపత్రిక నడుస్తోంది. పార్టీ దాన్నే తీసుకుని 1891 జనవరి 1 నుంచి ‘ఫోర్వెర్ట్స్’ అని పేరు మార్చింది, పాత పేరును కింద చిన్నక్షరాల్లో ఉంచింది. డబ్బు ఆదా అయింది, తలనొప్పి మిగిలింది. ఒకే పత్రిక దేశం మొత్తానికి పార్టీ కేంద్ర వాణి, మళ్లీ బెర్లిన్ కార్మికుడికి ఊరి పేపరు. కేంద్ర వాణిగా పార్టీ కార్యవర్గం మాట వినాలి. ఊరి పేపరుగా, బెర్లిన్ సభ్యులు ఎన్నుకున్న పత్రికా సంఘం మాట వినాలి. బెర్లిన్ సభ్యులు ఎప్పుడూ పార్టీ సగటు కన్నా ఎడమవైపే ఉండేవారు. ఒక ఇంటికి ఇద్దరు యజమానులు. ఇద్దరూ ఏకాభిప్రాయంతో ఉన్నంతకాలం ఎవరికీ తెలియలేదు.

ప్రధాన సంపాదకుడు మళ్లీ ముసలి లీబ్‌క్నెఖ్టే, 1900లో చనిపోయేదాకా. ఆయన కాలంలో జరిగిన ఒక్క కత్తిరింపు గురించి చెప్పాలి, సబ్ ఎడిటర్‌గా నాకు ఒళ్లు జలదరించే సంగతి కాబట్టి. 1895 మార్చి చివర ఏంగెల్స్ రాసిన ఒక ముందుమాట నుంచి కొన్ని ముక్కలు ‘ఫోర్వెర్ట్స్’లో వేశారు. మార్క్స్ పాత పుస్తకం ఒకదానికి రాసిన ముందుమాట అది. వీధి పోరాటాల కాలం మారిపోయింది, ఓటు ఎంత పనిచేస్తోందో చూడండి అన్న మాటలు ఉంచి, వాటికి ఆయన పెట్టుకున్న షరతులు తీసేశారు. ఆయన్ని అడగనూ లేదు. ఏప్రిల్ 1న ఏంగెల్స్ పార్టీ సిద్ధాంతకర్త కౌట్‌స్కీకి ఉత్తరం రాశాడు: నేను ఏమైనా సరే చట్టాన్నే కొలిచే శాంతమూర్తిలా కనబడేట్టు నా రాతను కోసిపారేశారని. నాలుగు నెలలకే ఆయన పోయాడు. ఆ కోసిన రూపమే ఏళ్ల తరబడి ఆయన వీలునామాగా చలామణీ అయింది. మాట మార్చలేదు, అబద్ధం చేర్చలేదు. ఉన్నదాంట్లోంచి కొంత తీశారు, అంతే. నేను కూడా స్థలం చాలక కోసినవి లక్ష ఉంటాయి, వాటిలో ఎన్ని ఇలాంటివో దేవుడికే తెలుసు.

ఇక అసలు కథ. 1905లో పత్రిక డెస్కును నడిపిస్తున్నది కుర్ట్ ఐస్నర్. సంస్కారం, సాహిత్యం ఉన్న మనిషి. వర్గ పోరాటం కన్నా నీతి గురించి ఎక్కువ రాస్తాడని పార్టీలో ఎడమపక్షం వాళ్లకు చిరాకు. బేబెల్ నాయకత్వంలోని కార్యవర్గం కూడా వాళ్ల వైపే మొగ్గింది. ఆ శరదృతువులో ఆరుగురు సంపాదకులు బయటికి వెళ్లాల్సి వచ్చింది. వాళ్ల స్థానంలో వచ్చినవాళ్లలో ఎడమపక్ష నాయకురాలు రోజా లక్సెంబర్గ్ ఒకరు. డిసెంబర్ చివర, అప్పటి రష్యా సామ్రాజ్యంలో రేగిన విప్లవం కోసం వార్సా వెళ్లిపోయేదాకా ఆమె ‘ఫోర్వెర్ట్స్’లో సంపాదకీయాలు రాసింది. ఎడమపక్షం పండగ చేసుకుంది. సంపాదకులను మార్చే హక్కు కార్యవర్గానికి ఉందని తామే ఒప్పుకున్నట్టయిందని అప్పుడెవరికీ తట్టలేదు.

తర్వాతి పదేళ్లు పత్రికకు మంచి కాలం. పార్టీకి దేశమంతటా తొంభై దాకా దినపత్రికలు, మొత్తం మీద దాదాపు పదిహేను లక్షల చందాదారులు. ఒక్క ‘ఫోర్వెర్ట్స్’ లక్షన్నర దాటింది. సొంత ప్రెస్సు, బెర్లిన్ లిండెన్‌స్ట్రాసెలో సొంత భవనం.

1914 జూలై 25న పత్రిక ప్రత్యేక సంచిక వేసి యుద్ధం వద్దని పార్టీ పిలుపును అచ్చేసింది. పది రోజులు తిరిగేసరికి, ఆగస్టు 4న, పార్లమెంటులో అదే పార్టీ యుద్ధ రుణాలకు, అంటే యుద్ధ ఖర్చుకు ప్రభుత్వం అప్పు తెచ్చుకోవడానికి, ఓటేసింది. డెస్కులో ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఆ ఓటును ఒప్పుకోలేదు. మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడుంది: పత్రిక మారలేదు, పార్టీ నాయకత్వం మారింది. ఆ ఇద్దరు యజమానుల్లో బెర్లిన్ సభ్యులు, వాళ్ల పత్రికా సంఘం డెస్కు వెనకాల నిలబడ్డారు. కాబట్టి కార్యవర్గం ఒక్కసారిగా చేయి చేసుకోలేకపోయింది.

సైన్యానికి అలాంటి మొహమాటాలు లేవు. సెప్టెంబర్ చివర బెర్లిన్ సైనికాధికారి జనరల్ ఫాన్ కెస్సెల్ పత్రికను ఆపేశాడు. పార్టీ తరఫున వెళ్లి బతిమాలితే ఒక షరతు మీద వదిలాడు: యుద్ధం అయిపోయేదాకా ‘వర్గ ద్వేషం, వర్గ పోరాటం’ అన్న విషయాలు ఎత్తకూడదు. ఆ షరతును కూడా పత్రికే అచ్చేయాలి. అక్టోబర్ 1న, పత్రికకు సరిగ్గా ముప్ఫై ఎనిమిదేళ్లు నిండిన రోజున, మొదటి పేజీలో జనరల్ ఆదేశం వచ్చింది. చాలామంది దీన్ని అవమానంగా చెబుతారు. నేను వేరుగా చూస్తాను. రేపటినుంచి ఫలానా మాట కనబడకపోతే ఎందుకు కనబడటం లేదో పాఠకుడికి ఆ రోజే తెలిసిపోయింది. సెన్సారు తన సంతకంతో సహా అచ్చులో దొరకడం ఎంత అరుదో, మన ఎమర్జెన్సీ రోజుల్లో డెస్కులో కూర్చున్న పెద్దవాళ్లను అడగండి.

రెండేళ్లు అలా లాగారు. 1916 అక్టోబర్‌లో సైన్యం మళ్లీ నిషేధించింది. ఈసారి కార్యవర్గం సందు దొరకబుచ్చుకుంది. మా మనిషిని పెట్టి నడుపుతామని సైన్యాన్ని ఒప్పించి, వ్యతిరేక సంపాదకులను పక్కన పెట్టి, నవంబర్‌లో పత్రికను తన చేతిలోకి తీసుకుంది. త్వరలోనే ఫ్రీడ్రిష్ స్టాంప్‌ఫర్ సంపాదకుడయ్యాడు. బెర్లిన్ సభ్యులు దీనికి పెట్టిన పేరు ‘ఫోర్వెర్ట్స్ దోపిడీ’. చందాలు ఆపేశారు. మరుసటి ఏప్రిల్‌లో పార్టీయే రెండుగా చీలింది.

1905లో ఎడమపక్షం చేయించిన పనినే 1916లో కుడిపక్షం చేసింది. అదే కార్యవర్గం, అదే హక్కు, తోడుగా ఒక జనరల్. 1905లో బయటికి గెంటించుకున్న ఐస్నర్ ఏమయ్యాడో తెలుసా? యుద్ధాన్ని వ్యతిరేకించి ఎడమవైపు పార్టీలో చేరి, 1918 నవంబర్‌లో బవేరియాలో రాజును దించిన విప్లవానికి నాయకుడయ్యాడు. మరో మూడు నెలలకు మ్యూనిక్ వీధిలో కాల్చి చంపారు. 1905లో ఆయనకు విప్లవ వాసన లేదని తీర్పు చెప్పినవాళ్లలో ఎందరు ఆ వేళకు విప్లవం వైపు మిగిలారో మీరే లెక్క తీయండి.

1919 జనవరిలో జరిగింది అర్థం కావాలంటే ఆ ‘దోపిడీ’ గుర్తుండాలి. జనవరి 5న బెర్లిన్‌లో ఎడమపక్షపు తిరుగుబాటుదారులు ఆక్రమించిన భవనాల్లో మొదటి వరుసలో ఉన్నది ‘ఫోర్వెర్ట్స్’ ఆఫీసు. అంతకు ముందు క్రిస్మస్ రోజున కూడా ఒకసారి ఆక్రమించారు. రైల్వేలు, బ్యాంకులు వదిలి పత్రికాఫీసుల మీద పడ్డారేమిటని ఎత్తిపొడిచే చరిత్రకారులున్నారు. ఆ కార్మికుడి లెక్క వేరు. మా నాన్న చందా కట్టి, నేను చందా కట్టి లేపిన ప్రెస్సు ఇది, యుద్ధంలో దొంగిలించారు, తిరిగి తీసుకుంటున్నాను. అంతే.

జనవరి 11న ప్రభుత్వ సైన్యం ఆ భవనం మీద ఫిరంగులు పేల్చింది. ప్రభుత్వం అంటే ఎవరు? సోషల్ డెమోక్రాట్ల నాయకుడు ఎబెర్ట్. అదే పార్టీ. తమ పత్రికాఫీసును తామే బద్దలుకొట్టుకున్నారు. లొంగిపోతామని మాట్లాడటానికి బయటికొచ్చిన ఏడుగురిని బ్యారక్స్‌కు తీసుకెళ్లి కాల్చేశారు. జనవరి 13న, తిరిగి చేతికొచ్చిన ‘ఫోర్వెర్ట్స్’లో ఒక పద్యం వచ్చింది. వందల కార్మికుల శవాలు వరసగా పడున్నాయి, తిరుగుబాటుకు నాయకులైన కార్ల్, రోజా, వాళ్ల ముఠా మాత్రం ఆ వరసలో లేరు అని దాని ఎత్తిపొడుపు. రెండు రోజులు గడిచాయి. జనవరి 15 రాత్రి కార్ల్ లీబ్‌క్నెఖ్ట్‌నీ రోజా లక్సెంబర్గ్‌నీ సైనికులు చంపారు.

కార్ల్ ఎవరనుకున్నారు? ఆ పత్రికను పుట్టించిన విల్‌హెల్మ్ కొడుకు. రోజా అందులో సంపాదకీయాలు రాసిన మనిషి. పద్యం ఆ రాత్రి డెస్కు మీదికి వచ్చినప్పుడు ఎవరో ఒకరు చదివి, తప్పులు దిద్ది, పేజీలో చోటు చూసి పెట్టి ఉంటారు. పార్టీ ఆఫీసు ఫోన్లు ఎత్తిన తొమ్మిదేళ్లలో నేను చేయనని చెప్పినవి చాలా తక్కువ. అందుకే ఆ సబ్ ఎడిటర్‌ని తిట్టడానికి నాకు నోరు రాదు.

వైమార్ కాలం, అంటే 1919 నుంచి హిట్లర్ వచ్చేదాకా నడిచిన గణతంత్రం, గురించి తొందరగా చెప్పేస్తాను. స్టాంప్‌ఫర్ చివరిదాకా ఉన్నాడు. రోజుకు రెండు సంచికలు, సాయంత్రానిది వేరే. పత్రికగా చక్కగానే ఉండేది. కానీ ఉల్‌స్టైన్, మోస్సె లాంటి వ్యాపార సంస్థల పేపర్ల ముందు, మరోపక్క కమ్యూనిస్టుల పేపర్ల ముందు కాపీలు తగ్గుతూ వచ్చాయి. 1933 ఫిబ్రవరి 27న పార్లమెంటు భవనం తగలబడింది. 28 ఉదయం సంచికే ఆఖరిది. పార్టీ నాయకులు ప్రాగ్ చేరి, జూన్ 18 నుంచి కార్ల్స్‌బాడ్‌లో ‘నోయర్ ఫోర్వెర్ట్స్’ అన్న వారపత్రిక తెచ్చారు. తర్వాత పారిస్ వెళ్లారు. 1940 మేలో జర్మన్ సైన్యం పారిస్ వైపు వచ్చేసరికి అదీ ఆగింది. ఒకప్పుడు డెస్కులో విదేశీ వార్తలు చూసిన హిల్ఫర్డింగ్ ప్రవాసంలో మారుపేరుతో అందులో రాసేవాడు. 1941లో పారిస్ జైల్లో నాజీ రహస్య పోలీసుల (గెస్టపో) చేతిలో చనిపోయాడు.

యుద్ధం తర్వాత, 1948లో పేరు మళ్లీ లేచింది, వారపత్రికగా. బెర్లిన్ దినపత్రిక మాత్రం తిరిగి రాలేదు. బిస్మార్క్, కెస్సెల్, హిట్లర్ చంపలేని పత్రికను 1989లో నష్టాల లెక్క చూసి పార్టీయే వారపత్రికగా ఆపేసింది. తర్వాత సభ్యుల ఇంటికి వెళ్లే పత్రికగా సాగింది. తమాషా ఏమిటంటే ఆ పార్టీకి వార్తాపత్రికల వ్యాపారం ఇంకా ఉంది. దాని సంస్థ ద్వారా మాడ్‌జాక్ అనే పెద్ద ప్రచురణ గ్రూపులో 23.1 శాతం వాటా ఉంది. ఆ పేపర్ల పేరు కింద పార్టీ ముద్ర ఉండదు, రాత్రి పదకొండున్నరకు ఫోనూ రాదు. లాభాల్లో వాటా మాత్రం వస్తుంది.

మన దగ్గర పోలిక కావాలంటే, ‘ప్రజాశక్తి’ 1948 నిషేధంతో మూతపడటం, 1952లో ‘విశాలాంధ్ర’ రావడం, 1964లో పార్టీ చీలితే అది సీపీఐ వైపు ఉండిపోవడం, 1981 ఆగస్టు 1న మార్క్సిస్టు పార్టీ దినపత్రికగా ‘ప్రజాశక్తి’ తిరిగి రావడం చూడండి. చీలినప్పుడు మొదటి తగువు పత్రిక పేరు, ప్రెస్సు, చందాదారుల జాబితా మీదే అని మీకే అర్థమవుతుంది. అయితే జర్మనీ కథను వీటికి అచ్చుగుద్దినట్టు అతికించకండి. అక్కడ ఊరి సభ్యులు ఎన్నుకున్న పత్రికా సంఘం ఉండటం వల్లే డెస్కుకు ఎదురు తిరిగే దమ్ము వచ్చింది. ఆ సంఘం గురించి మీ వ్యాసంలో కనీసం ఒక పేరా పెట్టండి.

1876 నుంచి 1933 దాకా సంచికలన్నీ ఫ్రీడ్రిష్ ఎబెర్ట్ ఫౌండేషన్ వాళ్లు స్కాన్ చేసి ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టారు. పాత గోథిక్ అక్షరాలు, మొదటి వారం కళ్లు నొప్పులు పుడతాయి, తర్వాత అలవాటైపోతుంది. మూడు తేదీలు తీయండి: 1914 జూలై 25, 1914 అక్టోబర్ 1, 1919 జనవరి 13. జర్మన్ రాకపోయినా మొదటి పేజీ ఎలా పెట్టారో చూడండి, ఏది పైన ఉంది, ఏది కింద ఉంది. అక్టోబర్ 1 పేజీలో జనరల్ ఆదేశానికి ఎంత చోటిచ్చారో స్కేలు పెట్టి కొలవండి.